నేను దిగని కోన

కోనలోకి దారి కనిపెట్టింది నేను. దిగింది వేరేవాళ్లు. నన్ను దిగనివ్వలేదు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో వరసగా వానలు తప్పిన కాలం. ఊరి బావుల్లో బురద కూడా ఎండిపోయింది. ఊరికి పడమట కొండను చీల్చుకుపోయిన కోన అడుగున ఎప్పుడూ నీడే. సాయంత్రాలు పావురాలు ఆ నీడలోకి దిగి తిరిగొచ్చేవి. నీళ్లు లేనిచోటికి అవి రోజూ ఎందుకు పోతాయి? ఊళ్లో అడిగితే, అక్షరాలు సొంతంగా నేర్చుకున్నవాడికి పిచ్చి ముదిరిందన్నారు.

ఆ ఎండాకాలమంతా ఒక్కణ్ణే కోన అంచున తిరిగాను. అమ్మానాయన పోయాక, ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్లు ఇంట్లో లేరు. తాడుకు రాయి కట్టి వదిలి లోతు చూశాను. కొండ మూడు అంచెలుగా నిటారుగా కిందికి దిగుతుంది. మొదటి అంచెకు మోకు, అంటే లావుపాటి తాడు, కట్టడానికి పెద్ద రాతిగుండు ఉంది. రెండోదానికీ మూడోదానికీ ఏమీ లేదు, రాతి చీలికలో గడ్డపార దిగగొట్టాలి. అంచుకు ఒరుసుకుని మోకు తెగకుండా కింద తడి గోనెపట్టలు వేయాలి. దిగిన మోకులు తీయకూడదు, మళ్లీ ఎక్కేదీ వాటిమీదే. ఎగువన కుందుర్పి దిక్కున మబ్బు పడితే ఎవరూ దిగకూడదు. అక్కడ కురిసిన వాన, ఇక్కడ ఎండ కాస్తుండగానే కోనలో విరుచుకుపడుతుంది. ఇదంతా ఎవరితో చెప్పుకోను? నాతో నేనే వాదించుకుని, ఓడిపోయి, మళ్లీ మార్చుకునేవాణ్ణి.

ఎద్దులతో కపిల తోలి బావినీళ్లు తోడే పెద్దాయన దగ్గర గట్టి మోకులున్నాయి. నేను చెప్పిందంతా విని తల ఊపాడు.

"బాగుండాదప్పా. దిగేదెవరు?"

"నేనే."

"మోకు పట్టేదెవరు?"

"మీరంతా లేరా అన్నా?"

"బామ్మర్ది ఉండాడా నీకు?"

మా ఊళ్లో కొండతేనెకు దిగేవాడి మోకు పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. అక్క తాళి తన చేతిలో ఉందని వాడు పట్టు వదలడట. నాకు పెళ్లే కాలేదు.

"ముందు పిల్లను చూసుకోప్పా, కోన యాడికీ పోదులే" అన్నాడు పక్కనున్నవాడు. అందరూ నవ్వారు.

"నీళ్లు పోతాయి" అన్నాను. ఇంకా నవ్వారు.

చివరికి పెద్దాయనే నడుముకు మోకు కట్టుకున్నాడు. ఆయన బామ్మర్ది పట్టాడు. నన్ను గుట్టమీద కూర్చోబెట్టి మబ్బు చూస్తుండమన్నారు. చూశాను. గోరంత మబ్బు కూడా లేదు. కింద గడ్డపార మోగడం వినిపించింది, నేను అనుకున్నచోటే. కాసేపటికి, నీళ్లుండాయని కేక. ఆ ఏడు మా గొడ్లు మోకులతో పైకి చేదిన ఆ నీళ్లతోనే బతికాయి. నేనూ తాగాను. ఆ మడుగును మాత్రం చూడలేదు. రెండేళ్లకు వచ్చిన వరద కోనను బండలతో పూడ్చేసింది.

కనబడినప్పుడల్లా పెద్దాయనను అడిగేవాణ్ణి, నన్నెందుకు ఆపావని. "ఆచారమప్పా" అని తప్పించుకునేవాడు. అరవైలు సగం దాటాక, రాప్తాడు నుంచి ఇద్దరం నడిచివస్తూ ఉంటే నిలదీశాను. "ఆ ఆచారం నువ్వు నమ్మినావా అన్నా? నిజం చెప్పు."

ఆయన ఆగి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నమ్మలేదప్పా. మోకు నేనే పట్టుకుందును. నీకేమన్నా అయ్యింటే, యా ఇంటి ముందర పోయి నిలబడి చెప్పాల నేను?"