తొమ్మిదో అంశం

వెరా స్పఫర్డ్‌ని ఆ కుర్చీలోంచి లేపాలంటే పలుగూ పారా పట్టుకుని తవ్వాల్సిందేనని థార్ప్‌లీలో చెప్పుకునేవారు. ఊళ్లోని పురావస్తు సంఘానికి ఆవిడ ఇరవై ఆరేళ్లుగా కార్యదర్శి. డెబ్బై దాటినా పదవి మీద మోజు చావలేదని, పోయాక కూడా వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాస్తూనే ఉంటుందని రొట్టెల కొట్టు దగ్గర నవ్వుకునేవారు.

ఆ మాటలు వెరా చెవిన పడుతూనే ఉండేవి. కాదనే ఓపిక ఆవిడకు లేదు.

నవంబరు మూడో గురువారం సంఘం ఏడాది సమావేశం. ఆవేళ మధ్యాహ్నం నుంచీ ఆవిడ నిలబడే ఉంది. చర్చి వెనక హాలు తాళం తీసి, నలభై మడత కుర్చీలు వేసింది. వచ్చేది పద్దెనిమిది మందేనని తెలుసు. తక్కువ వేస్తే అధ్యక్షుడు గిల్లో ముఖం మాడ్చుకుంటాడు. టీ నీళ్లు కాగబెట్టి, వానలో స్టేషనుకు వెళ్లి, హడావుడిలో తన పేరైనా చెప్పుకోకుండానే, ప్రసంగించడానికి వచ్చిన మెరియెల్ కాస్‌ని వెంటబెట్టుకొచ్చింది.

ఈ సాయంత్రంతో ఇదంతా దిగిపోవాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే. నోటితో చెబుదామంటే మాట పెగలదు. చెప్పబోతే "నువ్వు లేకపోతే ఎలా వెరా?" అంటారు, ఆవిడ తల ఊపేస్తుంది. అందుకే ఈసారీ రాతలో పెట్టింది. పోయినేటి సమావేశంలో జరిగింది రాసిన మినిట్స్ చివర, తొమ్మిదో అంశం: 'శ్రీమతి స్పఫర్డ్ నేటితో కార్యదర్శి పదవి వదులుకున్నారు.' అందరి ఇళ్లకూ ఒక్కో ప్రతి పోస్టు చేసింది. ప్రతి కుర్చీలో ఇంకొకటి పెట్టింది.

గిల్లో కళ్లజోడు సర్దుకున్నాడు. "మినిట్స్ అందరికీ అందాయిగా. చదివినట్టే అనుకుందామా?"

"అనుకుందాం బాబూ, అనుకుందాం," అన్నాడు ముందు వరసలోని ముసలి డిల్విన్. "చదవడం మొదలుపెడితే మనల్నీ తవ్వి తియ్యాల్సొస్తుంది."

నవ్వులు. చేతులు లేచాయి. వెరా ఒక్కొక్కరినీ చూసింది. ఒకరి కాగితం మీద తడి గొడుగు ఉంది. ఒకరిది మడతపడి, ఊగే కుర్చీ కాలి కిందికి చేరింది. మినిట్స్ ఆమోదించినట్టు గిల్లో చూడకుండానే పుస్తకంలో సంతకం గీకాడు.

"ఇక కార్యదర్శి. ఎవరైనా ముందుకొస్తారా? రారుగా. వెరా తల్లీ, కుర్చీ నీదే. లాక్కుంటే కరిచేట్టున్నావు!"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకూ ఓపిక కూడదీసుకోవలసి వచ్చింది.

రోమన్ల కాలపు చెత్తగుంట గురించి మెరియెల్ గంటసేపు మాట్లాడింది. బొమ్మలు చూపే యంత్రం రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ లేచింది వెరాయే.

టీ వేళకు అతిథిని పలకరించే దిక్కు లేకపోయింది. బిస్కట్టు కొరుకుతూ మెరియెల్ బల్ల మీది మినిట్స్ పుస్తకం తిరగేసింది. కాసేపటికి దాన్ని గిల్లో దగ్గరికి తెచ్చింది.

"ఏమండీ, నాకు ఉత్తరం రాసిన స్పఫర్డ్ గారు ఎవరు?"

"అదిగో, టీ పోస్తోంది. మా కార్యదర్శి. పీకినా ఊడదు."

"మరి ఇదేంటండీ?"

గిల్లో చదివాడు. వెనక్కి తిప్పి, మళ్లీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం పైకెత్తి టీ బల్ల వైపు అరిచాడు.

"నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొచ్చు కదే వెరా!"

"రాసి పంపించానుగా," అని ఆవిడ టీ కెటిల్ కింద పెట్టి, దగ్గరున్న కుర్చీలో కూలబడింది. ఎవరూ కదల్లేదు. చివరికి డిల్విన్ లేచి, గొణుక్కుంటూ కెటిల్ అందుకున్నాడు.

పుస్తకంలో వరసగా గత మూడేళ్ల సమావేశాల మినిట్స్ చివరా అదే తొమ్మిదో అంశం ఉంది. మూడింటి కిందా గిల్లో సంతకం ఉంది. వెరా స్పఫర్డ్ పదవి వదిలేసి అప్పటికి మూడేళ్లయింది.