గండి నడక, కడప పరుగు

రాష్ట్రం విడిపోయిన రెండేళ్ళకు, జూన్ నెల బదిలీల్లో నన్ను పులివెందుల నుంచి ప్రొద్దుటూరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టరుగా వేశారు. అంతకుముందు జమ్మలమడుగులోనూ చేశాను. పీడీ అంటే జీతంలో లెక్చరర్లతో సమానం, గౌరవంలో బంట్రోతుకు ఒక మెట్టు పైన. జెండా పండగకు కర్ర నాటించడానికీ, ప్రిన్సిపాలు గారి బంధువుల పెళ్ళికి కుర్చీలు సర్దించడానికీ తప్ప మేము ఎవరికీ గుర్తురాము. మనిషి నడిచినా పరిగెత్తినా ఒంట్లో ఏది ఎంత ఖర్చవుతుందో మేము పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి వస్తామని చెబితే స్టాఫ్ రూములో నవ్వేవారు.

నేను చేరిన కొన్నాళ్ళకు కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడింది. తెల్లవారేసరికి గ్రౌండు నిండిపోయేది. రాతపరీక్ష గట్టెక్కినవాళ్ళకు దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది. అందులో పదహారు వందల మీటర్ల పరుగు, అంటే మా గ్రౌండులో నాలుగు రౌండ్లు. ఇచ్చిన సమయానికి ఒక్క సెకను దాటినా ఇంటికే. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మొదటి రౌండు కుక్క తరిమినట్టు పరిగెత్తేవాళ్ళు, రెండో రౌండుకు నాలుకలు వేళ్ళాడేసేవాళ్ళు, మూడో రౌండులో నడుం పట్టుకుని నా వైపు చూసేవాళ్ళు. రోజూ అరిచి అరిచి నా గొంతు పోయేది. మరుసటి రోజు మళ్ళీ అదే వరస.

చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఒక్కతే, ప్రమీల. పులివెందుల దగ్గర పల్లె అమ్మాయి. మా కాలేజీలోనే డిగ్రీ చేసి, ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉంటూ సిద్ధమవుతోంది. తండ్రి లేడు. ఇంట్లో మాట చెల్లేది మేనమామ ఓబుళరెడ్డిది. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి నోటిఫికేషన్. ఈసారి తప్పితే యూనిఫాం ఆశ వదులుకోవాల్సిందే.

ఆమెకు నేను చెప్పింది ఇంతే. నడకలో ఒళ్ళు శానా పొదుపరి. నేలమీద ఆనిన కాలి మీదుగా ఒళ్ళు లేచి, ముందుకు వాలుతుంది. ఆ వాలిన ఊపే తర్వాతి అడుగుకు సాయపడుతుంది, ఒకసారి తోసిన ఉయ్యాల తనంతట తాను కొంతసేపు ఊగినట్టు. ప్రతి మనిషికీ సులువైన నడక వేగం ఒకటుంటుంది. దానికంటే నెమ్మదించినా, తొందరపడినా అదే దూరానికి ఎక్కువ ఖర్చు. పరుగులో మడమ పైనున్న స్నాయువు రబ్బరులా సాగి కొంత శక్తిని తిరిగిస్తుంది గానీ, ప్రతి అడుగుకూ ఒళ్ళంతా గాల్లోకి ఎగరాలి గనుక ఖర్చు పెద్దది. ఊపిరి అందించే గాలికి మించి వేగం పెంచితే కండలు తమలో దాచుకున్న చక్కెరను గాలి లేకుండానే గబగబా కాల్చేస్తాయి. తొడలు మంటెత్తి బిగుసుకునేది అప్పుడే. అందుకే నాలుగు రౌండ్లూ ఒకే వేగంతో పోవాలి. పరీక్షకు ముందు రెండు రోజులు బాగా తిని, కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆమె పద్ధతిగా సాధన చేసి, సమయం చాలా మిగిలేట్టు పరుగు పూర్తి చేయసాగింది. నాకు ఆమె మీద గట్టి నమ్మకం కుదిరింది.

పరుగు కడపలో, సోమవారం పొద్దున. మరుసటి ఏడాది శ్రావణమాసం. ముందు గురువారం ఓబుళరెడ్డి బస్సు దిగి నేరుగా గ్రౌండుకు వచ్చాడు. ఉద్యోగం రావాలని పిల్ల తల్లి మొక్కుకుందని, శనివారం ఆ పిల్లను గండికి నడిపిస్తామని, శుక్రవారమే ఇంటికి తీసుకుపోతానని సంతోషంగా చెప్పాడు. గండిలో ఆంజనేయస్వామికి శ్రావణ శనివారాలు గొప్ప. వాళ్ళ ఊరి నుంచి పాతిక కిలోమీటర్లకు తక్కువ కాదు. ఒక్కపొద్దుతో, చెప్పులు లేకుండా పోవాలి.



“ఏమప్పా, సోమవారం పరుగు పెట్టుకోని శనివారం నడిపిస్తావా?” అన్నాను.

“నడకే కద సార్, పరుగా ఏంది? నడిస్తే కాళ్ళకేమైతాది? మా అమ్మ అరవై ఏండ్లకు కూడా నడిచింది” అన్నాడు.

మీ అమ్మ సోమవారం కానిస్టేబుల్ పరుగుకు పోలేదు కదా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఇంకా మంట. నడక చవకే గానీ, అంత దూరానికి ఆ చవకంతా కలిసి పెద్ద ఖర్చవుతుందని, కండల్లోని చక్కెర తరిగిపోతుందని, కడుపు మాడ్చుకుంటే అది తిరిగి నిండదని, నిండడానికి ఒకటి రెండు రోజుల తిండీ విశ్రాంతీ కావాలని చెప్పాను. ఉత్త కాళ్ళతో తారు రోడ్డు మీద బొబ్బలు లేస్తే నా చదువంతా పనికిరాదని కూడా చెప్పాను. ఆయన అన్నిటికీ తలూపాడు.

“మీరు చెప్పేది నిజమే సార్. అందుకే స్వామి తోడు కావల్ల” అన్నాడు.

ఉద్యోగం వచ్చాకే నడవమన్నాను. అది బేరమాడినట్టుంటుందట. మొక్కుకున్నది ప్రమీల వాళ్ళమ్మ గనుక ఆమెనే నడవమన్నాను. పరిగెత్తేది ఆమె కాదు కదా అన్నాడు. ఆటోలో పోయి దండం పెట్టుకుని రమ్మన్నాను. ఈ ఒక్కదానికి మాత్రం ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. మా వీధి గుడి అయ్యవారిని పిలిపించి, మొక్కు తర్వాత తీర్చుకున్నా దోషం లేదని ఆయన నోట చెప్పించాను. అయ్యవారు ప్రొద్దుటూరు మనిషి, గండి సంగతి ఆయనకేం తెలుసన్నాడు ఓబుళరెడ్డి. గోడకు చెప్పినా ఇంకాస్త మెత్తబడేదేమో. ప్రమీల పక్కనే నిలబడి కాలి బొటనవేలితో మట్టి గీస్తోంది. నేను ఆమె వైపు తిరిగి, నీకైనా చెప్పాలనిపించలేదా అని గట్టిగా అరిచాను.

“పోయొస్తా సార్” అంది.

సోమవారం నేను సెలవు పెట్టి కడప వెళ్ళాను. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. గేటు బయట ఓబుళరెడ్డీ నేనూ నిలబడ్డాం. ఆయన నాకు గండి ప్రసాదం పెట్టాడు. తిన్నాను. ఏం చేయను?

చాలాసేపటికి ప్రమీల వచ్చింది. అరికాళ్ళకు ప్లాస్టర్లు ఉన్నాయి. జరిగింది తనే చెప్పింది. మొదటి రెండు రౌండ్లు నేను నేర్పిన వేగంతోనే పోయిందట. మూడో దాంట్లో తొడలు బరువెక్కాయట. నాలుగోది తన కాళ్ళతో పరిగెత్తినట్టే లేదంది. కొద్ది సెకన్ల తేడాతో పోయింది. 

“స్వామి కరుణించలా” అన్నాడు ఓబుళరెడ్డి, నిట్టూర్చి. ఆ తర్వాత గ్రౌండు మెత్తగా ఉందన్నాడు, ఎండన్నాడు, షూస్ సరిగా లేవన్నాడు. పాతిక కిలోమీటర్ల మాట మాత్రం ఆయన నోట రాలేదు. అక్కడే అరుస్తానేమోనని భయపడి నేను బస్సెక్కాను.

కొన్ని వారాల తర్వాత ప్రమీల కాలేజీకి సర్టిఫికెట్ల కోసం వచ్చింది. నా కోపం ఇంకా తగ్గలేదు. అన్నీ తెలిసి ఎందుకు నడిచావని అడిగాను. నా మొహం చూసే చెప్పింది.

“నడవకుండా పోయి పరుగులో తప్పింటే, నేను నడవలేదనే తప్పిందంటారు సార్. బతికినన్నాళ్ళూ అంటారు. మా అమ్మ నాతో మాట్లాడదు. నడిచి తప్పితే అది స్వామి మీద పోతాది. ఇంట్లో నన్ను ఎవురూ ఏమనడంల్యా.”

 కండల్లో చక్కెర ఎంతుంటుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ పిల్ల దేనికి ఎంత ఖర్చు పెట్టాలో నాకు తెలియలేదు. నడిస్తే పరుగు పోతుందని ఆమెకూ నా అంత బాగా తెలుసు. పరుగు పోగొట్టుకుని ఇల్లు నిలబెట్టుకుంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న పని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పరుగు నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, మొదటి రోజు ఆ ఇంట్లో మాట చెల్లే మనిషిని గ్రౌండుకు పిలిపించేవాణ్ణి. ఆయన చేత ఒక రౌండు పరిగెత్తించేవాణ్ణి. ఆయాసంతో కూర్చున్న మనిషికి చెబితే ఒంటి ఖర్చు సంగతి బాగానే ఎక్కుతుంది. పరీక్షకు ముందు వారం మొక్కులేవీ పెట్టుకోబోమని అందరి ముందూ ఆయన చేతే అనిపించేవాణ్ణి. అలా చాలామంది ఉద్యోగాల్లో చేరారు. ప్రమీల ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. పొద్దుననుంచి సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగం.