అందరికీ ధైర్యం చెప్పే సుందరలక్ష్మి

రాయచోటి బజారు వీధిలో ఎవరింట్లో ఎవరు బెంగపడినా ముందు కబురందేది సుందరలక్ష్మికే. ఆపరేషనుకు పోయే ఆడమనిషి వెంట ఆమె ఉండాలి. పురిటి గది బయట ఆమె ఉండాలి. పరీక్ష తప్పి అన్నం మానేసిన పిల్ల పక్కన ఆమె కూర్చోవాలి. భర్త రామసుబ్బయ్యది కిరాణా అంగడి, అంగడి మీదే ఇల్లు. కందిపప్పు కట్టించుకున్న ఆడవాళ్లలో సగం మంది, "అక్క పైన ఉండాదా?" అని అడిగి మెట్లెక్కేవారు. సుందరలక్ష్మి చెప్పేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. "ఏం కాదులే, నేనుండా కదా" అనేది. ఆ మాట ఆమె నోట వస్తే నిజంగానే ఏమీ కాదనిపించేది.

రెండువేల నాలుగులో, మాఘమాసంలో, ఆ వీధిలో ఒక పెండ్లి జరిగింది. అప్పగింతల వేళ పెండ్లికూతురు ఏడుస్తుంటే అలవాటు ప్రకారం సుందరలక్ష్మిని ముందుకు తోశారు. ఆమె పిల్ల భుజం మీద చెయ్యి వేసి "ఏం కాదులే" అనేంతవరకు బాగానే ఉంది. తర్వాతి మాట రాలేదు. దాని బదులు ఏడుపు వచ్చింది. వెక్కి వెక్కి, ఆపుకోలేని ఏడుపు. పెండ్లికూతురు తన ఏడుపు ఆపేసి ఆమె వీపు నిమిరి, "ఊరుకోండి పెద్దమ్మా, నేను పోయేది మదనపల్లెకే కదా" అని సముదాయించింది. వీడియో తీసే అతను లైటు ఇద్దరి మీదికీ తిప్పాడు. ఆ పిల్ల ఆమెకు దగ్గరి బంధువు కూడా కాదు. ఆ సాయంత్రం వీధంతా, "ఎంత మంచి మనసో సూడు" అని మెచ్చుకుంది.

ఆ మనసు సంగతి సుందరలక్ష్మికి ఒక్కదానికే తెలుసు. దసరా ముందునుంచే అది ఆమె మాట వినడం మానేసింది. అప్పటికి ఆమెకు నలభై ఏడేళ్లు. నెలసరి ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది, వస్తే ఒక పట్టాన పోయేది కాదు. ఉన్నట్టుండి గుండెల్లో వేడి పుట్టి, మెడ మీదుగా చెవులదాకా పాకేది. జాకెట్టు తడిసిపోయేది, ఆ వెంటనే చలి. నిద్ర సరిగా ఉండేది కాదు. అంతవరకైతే ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది భయం. ఫోను మోగితే ఎవరో పోయారన్న భయం. కింద అంగడి షట్టరు చప్పుడైతే అది భర్త తల మీద పడిందేమోనన్న భయం. కుక్కరు పొయ్యి మీద పెట్టి, విజిల్ రాకముందే వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడేది. ఏ భయమూ లేని రోజు ఇంకా ఘోరం. ఆ రోజు ఏమీ ఉండేది కాదు, ఆకలి కూడా. తలంటుకుని తడి జుట్టుతో మంచం మీద కూర్చుంటే, జుట్టు ఆరిపోయాక కూడా అలాగే ఉండిపోయేది.

ఎవరితో చెప్పుకోవాలి? దిగులుపడిన వాళ్లంతా వచ్చేది తన ఇంటికే. తనకు దిగులు కలిగితే ఏ ఇంటికి పోవాలో ఆమెకు తెలియలేదు.

పెండ్లిలో ఏడుపు ఒక్కసారితో ఆగలేదు. గుడిలో ఏడ్చింది, కూరగాయల బండి దగ్గర ఏడ్చింది. అప్పుడు వీధి కారణం వెతకడం మొదలుపెట్టింది. ఎక్కువ దూరం పోలేదు, కోడలి దగ్గర ఆగింది. కొడుకు తేజేశ్వర్‌కు పెండ్లయి ఏడాదే. కోడలు సుచరిత జమ్మలమడుగు పిల్ల, గట్టిగా మాట్లాడటం రాదు.

"ఆ పిల్ల ఏందో అనింటాది."

"ఏమీ అనదంటనే. అట్లా వాళ్లతోనే కష్టం."

సుచరిత కిందికి దిగితే ఆడవాళ్లు మాటలు ఆపేవారు. ఒక మధ్యాహ్నం సుందరలక్ష్మి వంటింట్లోకి వచ్చేసరికి ఆ పిల్ల గ్యాసు బండ పక్కన కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుని ఉంది.

"నేనేం తప్పు చేసినా అత్తా? చెప్తే దిద్దుకుంటా."

"నువ్వేం చేయలేదమ్మా."

"మరి ఎందుకు ఏడుస్తాండారు?"

"తెలిస్తే చెప్పనా?" అంది సుందరలక్ష్మి. అంటూనే ఆమెకూ ఏడుపు వచ్చింది. ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషి సొంత కోడలికి చెప్పలేక, బియ్యం డబ్బా దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది.

రామసుబ్బయ్య మంచివాడు. కష్టం కనిపిస్తే ఊరికే కూర్చోలేడు, అదే చిక్కు. మొదట దిష్టి తీయించాడు. తర్వాత వీరభద్రస్వామికి అర్చన చేయించాడు. టీవీలో ఏడుపు సీరియళ్లు కట్టేయించాడు. ఆ సీరియల్ చూసే అరగంటే ఆమె తన బాధ మరిచిపోయేదని ఆయనకు తెలియదు. చివరికి వాస్తు చూసే సుందరాన్ని పిలిపించాడు.

సుందరం దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి వంటింటి కిటికీ ముందు ఆగాడు.

"దోషం ఈడ ఉండాదప్పా రామసుబ్బయ్యా. ఇంటి ఇల్లాలి మనశ్శాంతి ఈ కిటికీలోంచే పోతాంది."

"మూసేస్తే?"

"పోయేది ఆగిపోతాది."

మరుసటి రోజే మేస్త్రీ వచ్చి ఇటుకలతో కిటికీ మూసేశాడు. వంటింట్లోకి గాలి వచ్చే దారి అదొక్కటే. మనశ్శాంతి ఎంత మిగిలిందో కానీ పొగా, ఉడుకూ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏప్రిల్ నెల, రాయచోటి ఎండ. ఒంట్లో పుట్టే వేడి ఏదో, పొయ్యి వేడి ఏదో సుందరలక్ష్మికి తెలియకుండా పోయింది. రామసుబ్బయ్య రోజూ సాయంత్రం పైకి వచ్చి, "ఏమన్నా తేడా తెలుస్తాందా?" అని అడిగేవాడు. తెలుస్తోందనే ఆమె చెప్పేది. అందులో అబద్ధం లేదు.

మే నెలలో ఆయన ఆమెను మహానందికి తీసుకుపోయాడు. అంగడి కొడుక్కి అప్పగించి ఇద్దరే వెళ్లారు. గుండంలో నీళ్లు అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా ఉన్నాయి. సుందరలక్ష్మి మెట్లు దిగి మెడదాకా నీళ్లలో నిలబడింది. ఎన్నో నెలల తర్వాత ఒళ్లు చల్లబడింది. ఆమెకు బయటికి రావాలనిపించలేదు.

"మూడు మునకలు చాలు. దర్శనానికి లైను పెరుగుతాంది" అన్నాడు రామసుబ్బయ్య గట్టు మీదినుంచి.

"మీరు పోండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆయనను పొమ్మనడం అదే మొదలు. ఆయన లైనులో చోటు పట్టడానికి వెళ్లాడు.

కొంచెం అవతల ఇంకొక ఆడమనిషి కూడా బయటికి రాకుండా నిలబడి ఉంది. ముదురు రంగు నేత చీర, ఎండకు కమిలిన చేతులు. ఈమె వైపు కాసేపు చూసి పలకరించింది.

"ఏమక్కా, నీకూ ఉడుకేనా?"

సుందరలక్ష్మి ఉలిక్కిపడింది. "నీకెట్లా తెలుసు?"

"మెడ మీద ఒకటే నీళ్లు పోసుకుంటాండావు కదా. నేనూ రెండేండ్లు అదే పని జేసినా. నెల తప్పుతాందా?"

దేవుడి ముందర ఇదేం మాట అన్నట్టు సుందరలక్ష్మి చుట్టూ చూసింది. తర్వాత తలూపింది.

ఆమె పేరు నాగలత. కోడుమూరు పక్క పల్లె, వేరుశనగ సేద్యం. అడగకుండానే తన సంగతి చెప్పింది. "నాకు బాయి కాడికి పోవాలంటే భయమక్కా. పడతానని కాదు, దూకుతానేమోనని. మా ఇంటాయన అమ్మవారికి దేవర జేపిచ్చినాడు. పొట్టేలు పాయె గానీ భయం పోల్యా. కడాకు కర్నూల్లో లేడీ డాక్టరు సూసె. ముట్టు నిలిచే వయసులో కొంతమందికి ఇట్లయితాది, దిగులు గూడా జబ్బే, నీ తప్పేం లేదు అని, ఇంకో డాక్టరు తావుకు తోలిచ్చె. ఆయప్ప మాత్రలిచ్చె. శానా దినాలు మింగినా. ఇప్పుడు బాయి కాడికి పోతా, నీళ్లు తోడుకోనొస్తా."

"ఆయన ఏం డాక్టరు?"

"పిచ్చి డాక్టరంటారు" అంది నాగలత. "పేరే అట్లుండాది. మనిషి మంచోడు."

సుందరలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె ఎవరితోనూ అనని మాట అనేసింది. "నాకు మిద్దె."

నాగలత ఆశ్చర్యపోలేదు, జాలి కూడా పడలేదు. "ఇంట్లో చెప్పక్కా. డాక్టరుకూ చెప్పు. అది మాత్రం దాయగాకు" అంది.

తిరిగి వచ్చిన రామసుబ్బయ్య భార్య ముఖం చూసి మురిసిపోయాడు. "చూస్తివా స్వామి మహిమ" అని, ఏటా వస్తామని అక్కడికక్కడే మొక్కుకున్నాడు. ఆమె కాదనలేదు. బస్సు నంద్యాల దాటాక చెప్పింది.

"నేను డాక్టరు దగ్గరికి పోవాల."

"పోదాంలే. కాళ్ల నొప్పులకా?"

"తలకాయకు."

ఆయన ముందు సీటు వైపు, వెనక సీటు వైపు చూశాడు. "మెల్లగా చెప్పు. ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"మిద్దె మీద బట్టలు ఆరేసేది నేనెందుకు మానుకున్నానో మీరు ఎప్పుడన్నా అడిగినారా?" అని, మానుకున్న కారణం ఆయనకు మాత్రమే వినబడేలా చెప్పింది.

ఆళ్లగడ్డలో బస్సు ఆగితే రామసుబ్బయ్య దిగి రెండు సోడాలు తెచ్చాడు. ఒకటి ఆమెకిచ్చి, రెండోది తాగడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. "కడపలోనే దిగుదాం" అన్నాడు.

కడపలో లేడీ డాక్టరు రక్తం, థైరాయిడ్, బీపీ అన్నీ చూసింది. నాగలత చెప్పినదాన్నే ఇంకొంచెం పొడుగ్గా చెప్పి, మనోవ్యాధుల డాక్టరుకు చీటీ రాసింది. ఆ ఆసుపత్రి బోర్డు చూసి రామసుబ్బయ్య దాన్ని దాటి ముందుకు పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. తువ్వాలు తల మీద కప్పుకుని ఎట్టకేలకు లోపలికి వెళితే, ఎదుటి కుర్చీలో వాస్తు సుందరం కూర్చుని ఉన్నాడు.

"మీరేంది ఈడ?" అన్నాడు రామసుబ్బయ్య.

"మా బావమరిదికి బాగలేదు. తోడొచ్చినా" అన్నాడు సుందరం. పక్క కుర్చీలు రెండూ ఖాళీ. "మీరో?"

"మేమూ మా తోడల్లుడి కోసం."

లోపలినుంచి కాంపౌండరు "సుందరం" అని పిలిచాడు. "మా బావమరిది పేరూ అదే" అంటూ సుందరం లేచి లోపలికి వెళ్లాడు.

ఆయన బయటికి వచ్చాక సుందరలక్ష్మి ఆపింది. "నిద్ర పడుతాందా అన్నా?"

సుందరం తల వంచుకుని, "ఈ మాత్రలతో పడుతాందమ్మా" అన్నాడు.

"మీ ఇంట్లో కిటికీలు మూయించినారా?"

"లేదమ్మా. గాలి ఆడాల కదా."

ఆమెకు కోపం రాలేదు. ఆ మనిషి కళ్ల కింద నలుపు ఆమెకు తెలిసినదే. కోపం రామసుబ్బయ్యకు వచ్చింది. కానీ ఏమని తిట్టాలి? తిడితే తోడల్లుడి సంగతి బయటపడుతుంది. మరుసటి రోజు మేస్త్రీ మళ్లీ వచ్చి ఇటుకలు తీసేశాడు.

ఆ రోజు లోపల డాక్టరు, ప్రాణం తీసుకోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగాడు, ఆమె మిద్దె సంగతి సూటిగా చెప్పింది. మాత్రలు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అందాకా ఆమెను ఒంటరిగా వదలవద్దని రామసుబ్బయ్యకు గట్టిగా చెప్పాడు. మిద్దె తలుపుకు తాళం పడింది. మొదట్లో మాత్రలకు వాంతి వచ్చినట్టుండేది, లాభమేమీ కనిపించేది కాదు. మానేస్తానంటే సుచరిత ఒప్పుకోలేదు. గట్టిగా మాట్లాడటం రాని ఆ పిల్ల నీళ్ల గ్లాసు పట్టుకుని, అత్త మింగేదాకా కదలకుండా నిలబడేది. సాయంత్రాలు ఇద్దరూ గుడిదాకా నడిచి వచ్చేవారు. వీధిలో ఎవరూ దీనికి అర్థం చెప్పలేకపోయారు. శ్రావణంలో ఒక ఉదయం కుక్కరు విజిల్ వేసింది. సుందరలక్ష్మి పొయ్యి తగ్గించింది. తాను వంటింట్లోనే ఉన్నానని ఆమెకు తర్వాత తెలిసింది.

ఆ శుక్రవారం అమ్మవారి గుడిలో పారాయణం అయ్యాక ఆమె అందరి ముందూ చెప్పింది. "నాకు దిగులు జబ్బు వచ్చింది. కడపలో చూపించుకుంటాండా, మాత్రలు మింగుతాండా. నా కోడలు నన్ను ఏమీ అనలేదు, నన్ను చూసుకుంటాండాది."

అందరూ ప్రసాదం తీసుకుని త్వరత్వరగా వెళ్లిపోయారు. కోడలి మీద నింద ఆ పూటతో పోయింది. దాని బదులు, ఆ నెలలో జరిగిన నిశ్చితార్థానికి సుందరలక్ష్మిని పిలవలేదు. అందరి ముందూ ఏడ్చినప్పుడు మంచి మనసన్న వీధి, ఏడుపు ఆగాక ఆమెను చూసి భయపడింది. ఆ రోజు ఆమె బాధపడింది. మామూలు బాధ, కారణం ఉన్న బాధ. అది ఎంత తేలికో ఆమెకు కొత్తగా తెలిసింది.

కొన్నాళ్లకు మళ్లీ మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు గుమ్మంలోంచి కాదు, వెనక మెట్ల మీద, అంగడి రద్దీగా ఉన్నప్పుడు. ఒకామె నిద్ర రావడం లేదంది. ఇంకొకామె ఊరికే కోపమొస్తోందంది. సుందరలక్ష్మి "ఏం కాదులే" అనడం మానేసింది. "ఎన్నాళ్లనుంచి?" అని అడిగేది. ఒకరిద్దరిని తానే బస్సెక్కించుకుని కడపకు తీసుకుపోయింది.

చెప్పకుండా వచ్చిన జబ్బు చెప్పి పోలేదు. మరుసటి ఏడాది, డాక్టరు మాత్రలు తగ్గిస్తున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున గుండెల మీద ఆ పాత బరువుతో మెలకువ వచ్చింది. ఆమె దాచుకోలేదు. కాఫీ తెచ్చిన కోడలితో, "ఈ పొద్దు బాగలేదమ్మా" అంది. సుచరిత సరేనని వంట పని తీసుకుంది.

అంగడికి బయలుదేరిన రామసుబ్బయ్య ఆ మాట విని చెప్పులు విడిచాడు. "ఏం చేయమంటావు? కడపకు ఫోను చేద్దునా?"

"మధ్యాహ్నానికీ ఇట్లాగే ఉంటే చేద్దాం. ఇప్పుడేం చేయొద్దు. కొంచేపు ఈడ కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. తిరుపతి దగ్గర ఒక స్వామి ఉన్నాడని చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. కింద తేజేశ్వర్ షట్టరు ఎత్తాడు. ఎవరో అరకిలో చింతపండు అడిగారు. రామసుబ్బయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏమీ చేయకుండా, ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆయన జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేసి ఉండడు.