ట్యాంకు ఎత్తుకి నాలుగో నంబరు

ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళందరూ ఆయన్ని గేరులేని మావయ్య అంటారు. ఆ పేరుతో ఎదురుగానే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

నీటి సరఫరా శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వాల్వుల మనిషిగా పనిచేశాడు. ఊరు ఏటి పల్లంలో ఉంది. ఏటికి రెండు వైపులా మిట్టలు గోడల్లా లేస్తాయి. పంపుహౌసులు కింద, ట్యాంకులు పైన. నీళ్ళని పైకి తోడడం మోటార్ల పని. ఆ నీళ్ళని ఏ వీధికి ఎప్పుడు వదలాలో చూసుకుంటూ కిందికీ పైకీ తిరగడం ఆయన పని. అందుకు శాఖ ఒక నల్ల సైకిలు ఇచ్చింది. దానికి గేర్లు లేవు. రిటైరయిన రోజున దాన్ని ఆయనకే వదిలేశారు. "గౌరవం కొద్దీ కాదులే, తుక్కులో వేసినా ఎవడూ తీసుకోడని" అంటాడు ఆయన.

ఆ ఏడే ఊళ్ళోని పళ్ళ డాక్టరు సైకిళ్ళ క్లబ్బు ఒకటి పెట్టాడు. డాక్టరుకి ఉత్సాహం ఉంది, మంచి సైకిలుంది, దారులు మాత్రం తెలియవు. మొదటి ఆదివారమే పన్నెండు మందిని వెంటేసుకుని వెళ్ళి ఒక రాళ్ళ క్వారీలో తేలాడు. సోమవారం పొద్దున్నే మావయ్య ఇంటికొచ్చి కూర్చున్నాడు. అలా పుట్టాయి దారి కార్డులు.

ఒక్కో దారికి ఒక్కో అట్టముక్క. వంతెన దగ్గర మొదలుపెట్టి ఎక్కడ తిరగాలి, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ మలుపులో ఇసుక జారుతుంది, ఎవరింటి కుక్క వెంటపడుతుంది, అన్నీ అందులో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనవి ఎత్తుల నంబర్లు. ఒకటి అంటే పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కెయ్యొచ్చు. రెండు అంటే మాట ఆగుతుంది. మూడు అంటే సీటు మీంచి లేవాలి. నాలుగంటే దిగి నడిపించుకుపోవాలి. ఈ కొలత ఆయన సొంతం.

మూడేళ్ళకోసారి కార్డులు తిరగరాసేవాడు. రోడ్లు మారతాయి, కుక్కలు పోతాయి, కొత్తవి వస్తాయి. ప్రతిసారీ ఇరవై ఆరు ఎత్తులూ ఒంటరిగా, అదే నల్ల సైకిలు మీద, గాలి లేని పొద్దుటి పూట తొక్కి చూసేవాడు. వినికిడి మీద ఒక్క అక్షరం రాయలేదు. ఒకసారి క్లబ్బులో ఒకాయన, తన బావమరిది కొత్తగా కట్టిన లాడ్జి దారిలో మూడుని రెండు చెయ్యమని నవ్వుతూనే అడిగాడు. "మీ బావమరిదిని లాడ్జి కిందకి దింపమనండి, నంబరు నేను దింపుతా" అన్నాడు మావయ్య.

ఈసారి కార్డులు రాయడం నాలుగో విడత. ఆయనకి అరవై తొమ్మిది.

కొత్త కార్డులు పంచిన నెలకి చెల్లెలు ఫోను చేసింది. ఆవిడకి ట్యాంకు మిట్ట మీద, ట్యాంకు గేటు పక్కనే చిన్న కొట్టుంది. టీ, బన్నులు, బిస్కట్లు, సైకిలు ట్యూబులు, గాలి పంపు. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా దాని మీదే బతుకుతోంది. అక్కడ వారమంతా ఒక ఎత్తు, ఆదివారం ఒక్కటీ ఒక ఎత్తు.

"అన్నయ్యా, మీ సైకిళ్ళవాళ్ళకేమైనా జబ్బు చేసిందా?"

"ఏమే, ఏమైంది?"

"నాలుగు ఆదివారాల నుంచి పురుగు కూడా పైకి రాలేదు. తెచ్చిన బన్నులన్నీ ట్యాంకు వాచ్‌మన్‌కే పెడుతున్నా. పాపం, చొక్కా గుండీలు పట్టడం లేదు."

"కార్డులో నీ ఎత్తుకి నాలుగు పడింది. ఆదివారాలు కొత్తవాళ్ళు ఎక్కువమంది. నాలుగున్న దారికి డాక్టరు వాళ్ళని తీసుకురాడు. ఏటి వెంబడి తీసుకుపోతున్నాడు."

"పడిందంటే? పైనుంచి ఊడిపడిందా? రాసిందెవరు?"

"నేనే."

అవతల గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మొన్నటిదాకా మూడే కదా. అంతకుముందు రెండు. నా కొట్టు గోడకే అంటించి ఉంది నీ పాత కార్డు."

"రోడ్డు పాడైందే. నేనే రెండుచోట్ల దిగాను."

"నువ్వు దిగితే కొండది తప్పా?"

"అయితే ఏం చెయ్యమంటావు? చెల్లెలి కొట్టు కదా అని నంబరు మార్చనా?"

"మార్చమని నేనన్లేదు. ఉన్నది రాయమన్నా. ఇంకో నెల ఇలాగే ఉంటే కొట్టుకి తాళం వేసి కిందికొచ్చేస్తా. మీ వంటింట్లో నాకో పీట వేసి ఉంచమని వదినతో చెప్పు."

ఫోను పెట్టేసింది. చెల్లెలు కోపంలో అన్న మాటలు ఆయన లెక్కచెయ్యడు. కానీ తాళం మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు.

మర్నాడు మంగళవారం. మంగళ, శుక్రవారాలు ఆవిడ సరుకుకి కిందికి దిగుతుంది. మిట్ట మొదట్లో కాపుకాశాడు. పాలక్యాను ఒక పక్క, బన్నుల సంచీ ఒక పక్క వేలాడేసుకుని పాత లేడీస్ సైకిలు మీద వచ్చింది. దానికీ గేర్లు లేవు.

"ఏంటి, తనిఖీనా?" అంది దిగకుండానే.

"కలిసి ఎక్కుదాం. నీకే తెలుస్తుంది."

మొదటి మలుపు దాకా పక్కపక్కనే తొక్కారు. ఆవిడ బస్సు డ్రైవరు కూతురి పెళ్ళి సంబంధం గురించి చెబుతూనే ఉంది. పెళ్ళికొడుకు, వాడి ఉద్యోగం, వాడి ముక్కు.

"నువ్వు కొలతకి పనికిరావే" అన్నాడు ఆయన రొప్పుతూ. "రెండో నంబరుకి మాట ఆగాలి."

"నా నోటితో పెట్టుకోకు. నిద్రలో కూడా ఆగదని మీ బావే అనేవారు."

రెండో మలుపులో ఆయన దిగిపోయాడు. పది బారలు ముందుకెళ్ళాక ఆవిడ వెనక్కి చూసి ఆగింది.

"ఏమైనా పడేసుకున్నావా?"

"వెనకచక్రంలో గాలి తగ్గినట్టుంది."

ఆవిడ సైకిలు స్టాండు వేసి వచ్చి, వెనక టైరుని బొటనవేలితో నొక్కింది. రాయిలా ఉంది. ముందు టైరు కూడా నొక్కింది. తర్వాత ఏమీ అనకుండా తన సైకిలు తీసి, అన్న పక్కన నడిపించుకుంటూ పైదాకా వచ్చింది. నాలుగు మాటలనేసినా ఆయన తట్టుకునేవాడు.

ఇంటికొచ్చి, అన్నం తిన్నాక, బీరువాలోంచి నాలుగు నోటు పుస్తకాలు తీశాడు. విడతకొకటి. మంచం మీద పక్కపక్కన పరిచి, కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో ఎత్తూ చూసుకుంటూ పోయాడు. క్వారీ మలుపు రెండు, రెండు, మూడు, మూడు. పాత రేవు ఒకటి, రెండు, రెండు, మూడు. రోడ్డు పాడై ఉంటుంది అనుకున్నాడు. లారీలు పెరిగాయి అనుకున్నాడు. ఇరవై ఆరింటిలో ఇరవై రెండు పెరిగాయి. తగ్గినది ఒక్కటీ లేదు.

వంతెన దగ్గర వేలు ఆగిపోయింది. వంతెన ఎక్కే వాలు ఒకటి, ఒకటి, ఒకటి, రెండు. అది కాంక్రీటు. దాన్ని పోసిన రోజున పక్కన నిలబడి చూసినవాడు ఆయన. అది వెంట్రుకవాసి కూడా కదలదు.

పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న భార్య తొంగిచూసింది.

"ఏంటండీ, పరీక్షకి చదువుతున్నట్టు?"

"ఎత్తులన్నీ పెరిగాయి."

"మొన్న మన మేడమెట్లు కూడా ఎవరో పెంచారన్నారుగా" అని మళ్ళీ బట్టల్లో పడింది.

పంపుహౌసులో ప్రెషరు మీటరుండేది. ఏడాదికోసారి పట్నం నుంచి ఇంకో మీటరు తెచ్చి, పక్కన బిగించి, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసేవాళ్ళు. ఎంత మంచి మీటరైనా సరే, అది నిజం చెబుతోందని దాన్నే అడిగి తెలుసుకోలేం. ఈ సంగతి ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసిన మనిషి, తన కాళ్ళ పక్కన ఇంకొకరి కాళ్ళు పెట్టి చూడాలని తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. ఒంటరిగా తొక్కడమే నిజాయితీ అనుకున్నాడు.

శనివారం సాయంత్రం పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గదిలో, క్లబ్బు కలిసింది. గోడ మీద పెద్ద దవడ బొమ్మ, దాని కింద పధ్నాలుగు మంది. మావయ్య లేచి, పుస్తకాలు బల్ల మీద పెట్టి, సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. "కొండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేనే ముసలాణ్ణయ్యాను. కార్డులు వెనక్కి తీసుకోండి."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు మెడ రుద్దుకున్నాడు.

"నాకూ అనుమానం వచ్చింది మావయ్యా. ఒకటి రెండుచోట్ల ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉందేంటి అనుకున్నా. మీరు రాశాక ఇంక అడిగేదేముందిలే అని ఊరుకున్నా."

తప్పు తనదని చెప్పుకోవడం కష్టమనిపించలేదు గానీ, ఈ మాటకి మాత్రం ఆయన ముఖం కందిపోయింది.

పాతికేళ్ళ కుర్రాడొకడు ఫోను తీసి, ఇందులో ఏ ఎత్తు ఎంత వాలో శాతాల్లో వస్తుందన్నాడు. "అది పెట్టండి, గొడవుండదు" అన్నాడు మావయ్య. పుస్తకాలు సర్దుకోబోయాడు.

"ఆగండి" అంది వెనక కుర్చీలోంచి టైలరమ్మ. బజారులో కుట్టుమిషను ఆవిడది. క్లబ్బులో చేరి రెండేళ్ళయింది. "నాకు అరవై ఆరు. పోయినేడు పాత కార్డు పట్టుకుని, రెండే కదా అని పాత రేవు ఎక్కాను. సగంలో కూలబడి, ఏడుపొక్కటే తక్కువ. కొత్త కార్డు వచ్చాకే ఎక్కడ దిగాలో ముందే తెలిసింది, దిగినా సిగ్గనిపించలేదు. ఆ నంబర్లు తీసేస్తే నేను మానేస్తా. శాతాలు నా మోకాలికి అర్థం కావు."

గదిలో మొదటిసారి నవ్వులు వినిపించాయి. గంటసేపు వాదులాడుకున్నారు. చివరికి కార్డు మీద రెండు గడులు గీయాలని తేలింది. మొదటి గడిలో నంబరు ముగ్గురు తొక్కి రాయాలి, ముగ్గురివీ మూడు వయసులై ఉండాలి. రెండో గడి మావయ్యది. దానికి పేరేం పెట్టాలన్న దగ్గర మళ్ళీ ఆగారు. పెద్దవాళ్ళకి అని పెడదామంటే, "అలా పెడితే చావనైనా చస్తారు గానీ ఆ గడి చూడరు" అంది టైలరమ్మ. నిదానం అని పెట్టారు.

ట్యాంకు ఎత్తుకి మొదటి గడిలో రెండు పడింది. రెండో గడిలో నాలుగు అలాగే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం ఇరవై మంది ట్యాంకు మిట్టకి బయల్దేరారు. మావయ్య, టైలరమ్మ ఆఖరి రెండు మలుపులూ సైకిళ్ళు నడిపించుకుంటూ, అందరికంటే పావుగంట వెనక పైకి చేరారు. కొట్టు ముందు బెంచీ నిండిపోయింది. ట్యాంకు గోడ నీడలో మిగతావాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒకడు ట్యూబు కావాలంటున్నాడు, ఇంకొకడికి చక్కెర లేని టీ కావాలట.

చెల్లెలికి అన్నయ్యని పలకరించే తీరిక లేదు. స్టవ్వు మీంచి తలెత్తకుండానే బకెట్టు వైపు చెయ్యి చూపించింది. "అలా నిలబడి చూస్తావేం, కడిగిన గ్లాసులైపోయాయి."

మావయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బకెట్టు ముందు చతికిలబడ్డాడు.