సర్వర్‌ను ముట్టింది నేనే

ఆ రోజు నా చేతి తప్పును ఇంకొకరి మీద వేసి, పదిమందిలో నవ్వులపాలు చేశాను.

మెదక్‌లో మందుల దుకాణం పైగదిలో డెవాప్స్ నేర్పిస్తాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు, సర్వర్లు చూసుకునేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి పని ఒకరు తెలుసుకుంటారు. సర్వర్‌లోకి ఎవరూ నేరుగా వెళ్లి ఏదీ మార్చకూడదు. మార్పును అందరికీ కనబడేలా రాసి పంపాలి, ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అది సర్వర్‌లోకి వెళ్తుంది. దీన్ని మేం 'ముట్టుడు లేదు' అంటాం. ఎవరైనా చెప్పకుండా లోపల ముడితే, తర్వాత రాసి పంపే మార్పులు దానితో కుదరక ఫెయిలవుతాయి. ముట్టినవాళ్లను సర్టిఫికెట్ పరీక్షకు పంపను.

ఆ పొద్దున సర్వర్ నెమ్మదించిందని నేనే లోపలికి వెళ్లి ఒక సెట్టింగ్ మార్చాను. నిమిషం పనే కదా అని ఎక్కడా రాయలేదు, మరిచిపోయాను.

నమూనా పరీక్షలో మొదట నర్సాపూర్ నుంచి వచ్చే ఆమె పంపిన మార్పు ఫెయిలైంది. ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసుకుంటుంది. సర్టిఫికెట్ వస్తేనే ఉద్యోగం పర్మినెంట్.

"సర్వర్ ముట్టిండ్రా మేడం?"

"లేదు సార్. జర మీరే చూడుండ్రి."

"దవాఖాన అలవాటు సార్, సర్వర్‌కు గూడ సూది పొడిచింది" అన్నాడు పక్కనున్న డెవలపర్. అందరితోపాటు నేనూ నవ్వాను. చూడకుండానే, "ఈసారి మీరు పరీక్షకు పోరు" అనేశాను. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఆ డెవలపర్ మార్పూ అలాగే ఫెయిలైంది. "నేనైతే పొడవలే సార్!" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. సర్వర్ దానంతటదే పాడైందని చెబితే అందరూ నమ్మేవాళ్లే. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ క్లాసుకు నిజమే చెప్పి, ఆమె కోసం బండి మీద బస్టాండుకు వెళ్లాను.

"ముట్టింది నేనే మేడం. క్లాసుల చెప్పే వచ్చిన."

"నేను లేనప్పుడు చెప్పిండ్రు. నేను కూసున్నప్పుడు చెప్పుండ్రి సార్."

ఆమెను వెనక్కి తీసుకొచ్చి, ఆమె ముందే మళ్లీ చెప్పాను. సర్వర్‌లోకి నేరుగా వెళ్లే నా అనుమతిని అక్కడే తీసేశాను. ఇక నా మార్పు కూడా నేర్చుకునేవాళ్లలో ఒకరు ఒప్పుకుంటేనే వెళ్లాలి. సెట్టింగ్ సరిచేసే మార్పును ఆమెకే పంపాను.

"కారణం రాయలేదు సార్" అని తిప్పి పంపింది.

'పొద్దున నేను చెప్పకుండా ముట్టినందుకు' అని రాశాను. ఒప్పుకుంది. తర్వాత తన నమూనా పరీక్ష మళ్లీ రాసి పాసైంది. ఆమె బస్సెక్కేలోపే సర్టిఫికెట్ పరీక్షకు ఆమె పేరు పంపేశాను.