అద్దకం దుప్పటి పాఠం

మా చరిత్ర మాస్టారు మంగళవారం ఉదయం విజయవాడ గవర్నర్‌పేటలోని తన ఇంట్లో కన్నుమూశారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బందరు దగ్గర మా ఊరి హైస్కూల్లోనే చేశారు. నేను విలేకరినయ్యానంటే ఆయన చలవే. ఆయన మీద నా కోపం ఇంకా తీరలేదు. రెండూ నిజాలే.

తొమ్మిదో తరగతికి ఆయన ఏటా ఒక అద్దకం దుప్పటి తెచ్చేవారు. పిల్లల్లో ఇద్దరం చెరో కొసా పట్టుకుంటే పాఠం మొదలయ్యేది. అంతకుముందు ఒకసారి ఉపాధ్యాయుల బృందంతో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవుకు వెళ్లొచ్చారాయన. అక్కడి టౌన్‌హాల్ గోడ మీద చెక్కిన ఏనుగుల గురించి, ఒక మ్యూజియంలో అద్దాల వెనక ఉంచిన బందరు గుడ్డ గురించి చెప్పేవారు. "మీ ముత్తాతలు అద్దిన గుడ్డ కోసం ఓడలు పడిగాపులు పడేవిరా!" అనేవారు. మా తాతదీ అద్దకం పనే. ఆ రోజు ఇంటికెళ్లి, రంగు దిగని ఆయన గోళ్లను చాలాసేపు చూశాను.

పరీక్షల్లో మాత్రం మాస్టారికి కనికరం ఉండేది కాదు. కారణాలు సగమే రాస్తే పేపరు విసిరేసేవారు. "నీకు నచ్చింది రాసి ఊరుకుంటే ఎలారా? మిగతాది నా నెత్తిన రాస్తావా?"

పోయిన చలికాలం ఆఫీసు పని మీద నేనూ లివర్‌పూల్ వెళ్లాను. ఒక పూట ఖాళీ దొరికింది. టౌన్‌హాల్ గోడ మీద ఏనుగులున్నాయి. వాటి వరసలోనే ఆఫ్రికన్ల ముఖాలూ ఉన్నాయి. మ్యూజియంలో గుడ్డ ఉంది. దాని పక్కనే రాసి పెట్టారు: ఇలాంటి గుడ్డలిచ్చి ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్నారని, ఓడలెక్కించి బానిసలుగా అమ్మారని. మాస్టారి కంట పడలేదేమో అనుకుని అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"గుడ్డ పక్కన రాసింది చదివాను మాస్టారూ."

"చదువుతావనుకున్నాలే."

"మీరు చదవలేదా అండీ?"

"చదివాను. మీ క్లాసులో సగం మంది అద్దకం వాళ్ల పిల్లలేరా. వాళ్ల మొహాలు చూస్తూ ఎట్టా చెప్పమంటావు?"

"మరి మిగతాది ఎవరి నెత్తిన రాశారండీ?"

ఆయన నవ్వలేదు. "అక్కడ చలి బాగా ఉందా?" అన్నారు.

తిరిగొచ్చాక రెండుసార్లు కలిశాను. ఆ మాట ఎత్తగానే "కాఫీ తాగుదాం పద" అని లేచేవారు.

నిన్న ఆయన భార్య ఫోన్ చేశారు. "సంస్మరణ సభలో ఆ దుప్పటి పాఠం గురించి నువ్వే మాట్లాడాలయ్యా. ఆయనకి ప్రాణం అది."

"మాట్లాడితే మొత్తం చెప్పాలండీ."

"మొత్తం అంటే?"

ఆమెకూ చెప్పలేదన్నమాట. నేను చెప్పాను.

"అయితే స్టేజీ మీద ఆ దుప్పటి కట్టించమంటావా, వద్దంటావా?"

"కట్టించండి" అన్నాను.

ఆదివారం ఉదయం పదింటికి మా ఊరి హైస్కూల్లో సంస్మరణ సభ. ఆయన ఫొటో వెనక ఆ దుప్పటి కడతారు. నేను మాట్లాడేటప్పుడు ముందు వరసల్లో ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చుంటారు.