అల్‌హంబ్రాలో చోటు పట్టిన విధం

సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఫ్లాట్‌లో బియ్యం డబ్బా పైన పాత క్యాలెండర్ బొమ్మ ఒకటి అంటించి ఉండేది. స్పెయిన్‌లో అరబ్బు సుల్తానులు కట్టిన అల్‌హంబ్రా కోట, అందులో సింహాల ఫౌంటెన్. "ఒక్కసారి ఆ నీళ్ల పక్కన నిలబడాలండీ," అనేది మా ఆవిడ, బియ్యం కొలిచినప్పుడల్లా.

ఐటీ జోరు మీదున్న రోజులవి. కంప్యూటర్‌ను దూరం నుంచి చూసినవాడిక్కూడా పిలిచి ఉద్యోగమిచ్చేవారు. కాస్త దగ్గర నుంచి చూసినందుకు మా బావగారిని, అంటే ఆవిడ అన్నయ్యను, సైన్స్ పార్క్‌లో మేనేజర్ని చేశారు. ఆ ఊపులో ముగ్గురం స్పెయిన్ బయల్దేరాం. ప్రయాణాన్ని కూడా ఆయన ప్రాజెక్టులాగే నడిపారు. ఒంటేలుకు వెళ్లాలన్నా డెడ్‌లైన్ ఉండేది.

మేం కొండెక్కేసరికి రాజభవనం ద్వారం దగ్గర ఇంకా ఎవరూ లేరు. టికెట్ మీద వేసిన అరగంటలోపు లోపలికి వెళ్లకపోతే, సుల్తాను స్వయంగా లేచి వచ్చి సిఫారసు చేసినా వదలరట. బావగారు జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి గోడ మీద పెట్టారు.

"చోప్ చేసేశాను. పదండి, పులిహోర తినొద్దాం."

చోప్ అంటే సింగపూర్ భాషలో చోటు పట్టేయడం. అక్కడ ఆ ప్యాకెట్ మాటకు తిరుగు లేదు. తిండికొట్ల హాకర్ సెంటర్‌లో బల్ల మీద ప్యాకెట్ పెట్టి, ఇండియా వెళ్లి, పెళ్లి చేసుకొచ్చిన కుర్రాణ్ణి నేను కళ్లారా చూశాను. బల్ల అలాగే ఉంది. పెళ్లాం కోసం పక్క కుర్చీ కూడా ఖాళీగా ఉంది.

"అన్నయ్యా, ఇది సింగపూర్ కాదు," అంది మా ఆవిడ.

"డిసిప్లిన్ ఎక్కడైనా డిసిప్లినేనమ్మా."

పులిహోర ముగించి వచ్చేసరికి క్యూ కొండ దిగి పోతోంది. అందరికంటే ముందున్న ముసలావిడ మా ప్యాకెట్‌లోని ఆఖరి కాగితంతో మనవడి ముక్కు తుడుస్తోంది. బావగారు కాపలావాడి మీదికి వెళ్లారు.

"దిస్ ఈజ్ అవర్ ప్లేస్ లా! వీ చోప్ ఆల్రెడీ!"

వాడు క్యూ తోక వైపు వేలు చూపించాడు.

"కాల్ యువర్ మేనేజర్! నేనెవరో తెలుసా నీకు?"

మా ఆవిడ అన్నగారి చంకలోని ఫైలు లాగింది. "ముందు నా టికెట్ ఇవ్వు." టికెట్ తీసుకుని నా వైపు చూసింది. "మీరొస్తారా?"

వెళ్లాల్సిందే. కానీ తెలుగూ ఇంగ్లీషూ సింగపూర్ వాళ్ల 'లా'లూ కలిపి మా బావగారు పెడుతున్న ఆ తిరగమోతను మధ్యలో వదిలేసి రాతిగోడలు చూడ్డానికి పోవాలంటే మనసొప్పలేదు. ఆవిడ ఒక్కతే వెళ్లి తోకలో నిలబడింది. ఆఖరి మనిషిగా ఆవిడను లోపలికి పంపి గొలుసు అడ్డం వేశారు. ఈయన ఇంకా మేనేజర్ కోసం అరుస్తూనే ఉన్నారు.

ఎండ వాలాక బయటికొచ్చింది. కొంగు చివర తడిసి ఉంది.

"ఎలా ఉందమ్మా?" అన్నారు బావగారు, గొంతు బొంగురుపోయి.

"చల్లగా ఉందన్నయ్యా." అంతే.

తిరుగు విమానంలో బతిమాలాను. "కాస్త చెప్పవే. దిగగానే మనవాళ్లంతా అడుగుతారు."

"ఏదో ఒకటి కల్పించండి, మీకది కొత్తా? నేను చూసింది మాత్రం నాకు వదిలెయ్యండి," అని కిటికీ వైపు తిరిగి దుప్పటి కప్పుకుంది.

ముందు సీట్లో బావగారు నిద్ర నటిస్తూ చెవి ఇటే పెట్టారు. పాపం, ఆయనకూ ఏమీ దొరకలేదు.